కింది వల

"ఏమయ్యా డెస్, పడ్డాయా?"

"ఏం లేవమ్మా. పిల్లికి కూడా చాలవు."

నోలీన్ లోపల్లోపలే నవ్వుకుంది. ఈ నది మీద వైట్‌బెయిట్ చేపపిల్లల్ని పట్టేవాడెవడూ నిజం చెప్పడు. బకెట్టు నిండి పొర్లుతున్నా పిల్లికి చాలవనే అంటాడు. ఉన్నదున్నట్టు చెబితే మర్నాటికి ఊరు ఊరంతా వలలేసుకుని పక్కన దిగుతుంది. ఆమె భర్త కెల్విన్ అయితే పాస్టరు గారికి కూడా అదే మాట చెప్పేవాడు, వెనక కారు డిక్కీలోంచి నీళ్లు కారుతుండగా.

"నీకో?" అన్నాడు డెస్.

"నాకూ అంతే."

రోజు మొత్తం మీద ఆమె ఇంకో మనిషితో మాట్లాడే మాటలు అవే.

సెప్టెంబరు వచ్చిందంటే ఆ చేపపిల్లలు సముద్రంలోంచి గుంపులుగా నది పైకి ఎదురీదుతాయి. అగ్గిపుల్లంత పొడవు. కళ్లు తప్ప ఒళ్లు కనబడదు. గట్టు వారగానే వస్తాయి. నీళ్ల మీదికి చెక్కలతో కట్టుకున్న స్టాండు మీద కూర్చుని, కింద వల దించుకుని కాచుకోవాలి. డెస్ స్టాండు సముద్రం వైపు. నోలీన్‌ది దానికి నలభై అంగలు పైన. అంటే ముందు అతని వల. దాన్ని తప్పించుకున్నవే ఆమెకు.

"వాడి ఎంగిలి మీద బతుకుతున్నాం మనం" అని కెల్విన్ ముప్పై ఏళ్లు తిట్టుకుని, తిట్టుకుంటూనే పోయాడు.

అతను పోయాక రెండు సీజన్లూ ఆమె వల ఖాళీగానే లేచింది. ఏడాది పొడవునా కట్టెలకూ కరెంటుకూ ఆ చేపపిల్లలు అమ్మిన డబ్బే ఆధారం. ఈసారి సీజను మొదటి రోజున ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. డెస్ తప్ప ఎవరున్నారు?

"ఈ ఏడు కూడా ఇంతే అయితే స్టాండు వదిలేసి క్రైస్ట్‌చర్చ్‌లో మా అక్క దగ్గరికి పోతానయ్యా. వెనక గది ఖాళీగా ఉందట. కిటికీ తీస్తే పక్కింటి గోడ."

డెస్ వల తాడు సవరించుకుంటూ ఉండిపోయాడు. ఈ స్టాండు గుంజతో చెప్పుకున్నా ఒకటేననుకుని ఆమె తన చోటికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పడ్డాయి.

చేపలు కనబడాలని నీళ్ల అడుగున ఆమె పరిచిన తెల్ల పలక మీద మొదట ఓ గుప్పెడు నీడలు కదిలాయి. ఆ వెనక ఇంకో గుంపు, ఇంకో గుంపు. వారం తిరిగేసరికి వల ఎత్తీ ఎత్తీ రెక్కలు పడిపోయాయి. అక్కకు ఫోన్ చేసి, "ఇప్పట్లో రాలేనే" అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటి నిండా నిద్రపోయింది.

సంతోషం వెనకే ఒళ్లు మంట. తనకే ఇన్ని పడుతుంటే, ముందున్న ఆ మహానుభావుడికి ఇంకెన్ని పడాలి? పిల్లికి కూడా చాలవట. బకెట్టు బోర్లించుకుని రోజంతా దాని మీదే కూర్చుంటాడు. ఎవరి కళ్లకు గంతలు కట్టడానికో. ఆమె ఇంటికి వెళ్లేదాకా వల ఎత్తడు. అంత దాపరికం.

అయినా అక్టోబరులో ఓ వాన రోజున, ఒక్కతే తినబుద్ధి కాక, గుడ్డు గిలకొట్టి వెన్నలో వేసిన చేపల అట్టు పళ్లెంలో పెట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది. డెస్ వానకోటులోనే తిన్నాడు. రొట్టెతో పళ్లెం తుడుచుకుని మరీ తిన్నాడు.

"ఎన్నాళ్లయిందో ఇది తిని."

"చాల్లేవయ్యా నటన. ఇంట్లో ఫ్రీజరు నిండా అవేగా."

డెస్ నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"రేపు వస్తావా?" అన్నాడు చివరికి.

"పడుతున్నంత కాలం రాకేం?" అనేసి నాలిక కరుచుకుంది నోలీన్. ముప్పై ఏళ్లలో నది మీద ఆమె నోరు జారడం అదే మొదటిసారి.

డెస్ విననట్టే నీళ్లకేసి చూశాడు. కానీ ఆ పూటంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

సీజను చివరి వారంలో ఓ సోమవారం బోర్లించిన బకెట్టు మీద మనిషి లేడు. మంగళవారమూ లేడు. బుధవారం ఉత్తరాలు తెచ్చే ఆమె చెప్పింది. ఆదివారం నోలీన్ ఇల్లు చేరాక, అతను స్టాండు మీదే కూలిపోయాడట. పడవలో పోతున్న వాళ్లు చూసి ఆసుపత్రికి చేర్చారట. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయట. ప్రాణం తెల్లారేదాకా కూడా ఆగలేదట.

నోలీన్ నది దగ్గరికి వెళ్లింది. అలవాటు కొద్దీ "పడ్డాయా?" అని అడిగింది. ఎందుకు ఏడుస్తోందో తెలియకుండానే ఏడ్చింది. ఆ మనిషి తనకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. కానీ రేపట్నుంచి అబద్ధం చెప్పడానికి కూడా ఎవరూ లేరు.

అక్టోబరు ముప్పైకి నదిలో ఒక్క వల ఉండకూడదు. డెస్‌కు ముందూ వెనకా ఎవరూ లేరు. ఆదివారం దించిన వల ఇంకా నీళ్లలోనే ఉంది. ఇన్ని రోజుల చేపలు లోపల కుళ్లి ఉంటాయని నోలీన్ ముక్కుకు గుడ్డ కట్టుకుంది. బరువుకు తట్టుకోవాలని కాళ్లు రెండూ గుంజకు తన్నిపెట్టి, తాడు లాగింది.

వల ఉత్త గుడ్డలా తేలిగ్గా లేచింది. చేపలు పోగయ్యే దాని తోక ముడి విప్పి, ఆమె స్టాండు వైపు బార్లా తెరిచి తీగతో కట్టేసి ఉంది, ఆ తీగకు రెండు నెలల తుప్పు పట్టి ఉంది.