గీత అవతల

"సార్, కావాలనే చేసింది! బురదలో వేసి పొర్లించింది సార్!"

ధర్మవరం రైడర్ శైలజ లేచి నిలబడి అరిచింది. నడుము నుంచి మోకాళ్ల దాకా ఎర్రమన్ను. పొద్దునే తొడుక్కున్న కొత్త తెల్ల షార్ట్స్ రంగే కనబడటం లేదు.

పెనుకొండ గ్రౌండులో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ అది. బాగా ఆడినవాళ్లను జిల్లా జట్టుకు తీసుకుంటారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టారు. గీత అవతల ఒక మూల మడుగు కట్టింది.

కూతకెళ్లిన శైలజ మధ్యగీత వైపు తిరిగిందో లేదో, హిందూపురం కెప్టెన్ చాముండేశ్వరి వెనక నుంచి నడుము పట్టుకుని ఆ మడుగు దాకా ఈడ్చుకుపోయింది. పడేసి ఊరుకోలేదు. మీద పడి, రెండు చేతులా బురద ఎత్తి పూసింది.

ప్రహరీ మీద కూర్చున్న మగపిల్లలు ఈలలు వేశారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఏమబ్బా, కబడ్డీ ఆడతాండారా, గోడకు మన్ను మెత్తుతాండారా?"

రైడర్‌ను కావాలని గీత బయటికి నెడితే, నెట్టినవాళ్లే అవుటు. ఆట తెలిసిన ఎవరికైనా తెలిసిన రూలే.

అంపైర్ రాఘవేంద్ర విజిల్ నోట్లోంచి తీశాడు.

"ఏం పాపా, రూలు తెలీదా నీకు?"

"తెలుసు సార్."

"మరెందుకు చేసినావు?"

చాముండేశ్వరి ప్రహరీ వైపు చూసింది. శైలజ వైపు చూసింది. తల వంచుకుంది.

"కోపమొచ్చింది సార్."

"కోపమొస్తే మన్ను పూస్తావా?" ఎర్రకార్డు ఎత్తాడు. "నడువు బయటికి."

హిందూపురం పిల్లలు ఆమెనే తిట్టారు. "సెలెక్షన్ పాయె కదమే! ఏం దయ్యం పట్టింది నీకు?"

ఆమె బురద చేతులతోనే సంచి తీసుకుని బయటికి నడిచింది.

శైలజ ఉడికిపోయింది. అసలే పొద్దున్నుంచి నడుము లాగుతోంది. ఫైనల్ భయమేమో అనుకుంది. దానికి తోడు ఇదొకటి. మీద పడినప్పుడు చెవిలో అన్న మాట ఇంకా వినిపిస్తోంది.

"లేయొద్దు మే. ఇంకా పొర్లు."

ఎంత పొగరు!

ఆ ఫోన్లలో పడింది ధర్మవరం చేరితే? ఆమె నాయన శంకరప్ప పట్టుచీర నేస్తూ ముందే చెప్పి పంపాడు.

"ఆడుకో పో. నలుగుర్లో నగుబాటయినావంటే మాత్రం ఆ పొద్దే ఆట బంద్. వచ్చి మగ్గంలో కూర్చో."

కెప్టెన్ లేని హిందూపురం తేలిగ్గానే ఓడిపోయింది. ధర్మవరం కోచ్ కమలాక్షి మేడం నవ్వుతూ వచ్చింది.

"శైలజా, జిల్లా జట్టులో ఉండావు. ఒక్క చోటే మిగిలి, నువ్వా చాముండేశ్వరా అని తేల్చలేక ఉన్నారంట. ఎర్రకార్డుతో తేలిపాయె."

"మంచిగైంది మేడం. అట్లాంటోళ్లు ఆడనేకూడదు."

బాత్రూములో చుడీదార్ తొడుక్కుని, షార్ట్స్ కొళాయి కింద పెట్టింది. మన్ను కరిగి ఎర్రటి నీళ్లయి పోయింది.

వెనకవైపు అరచెయ్యంత మరక మాత్రం పోలేదు.

రుద్దింది. పోలేదు.

అది మన్ను కాదు.

తేదీకి ఇంకా టైముంది. ముందే వచ్చేసింది. పొద్దున్నుంచి నడుము లాగింది అందుకే. మధ్యగీత వైపు తిరిగినప్పుడు తన వెనక ఉన్నది చాముండేశ్వరి. ఇంకో రెండు అడుగులు వేసి ఉంటే, చూసేది ఆ ప్రహరీ మీది ఫోన్లు.

లేయొద్దు మే. ఇంకా పొర్లు.

కొళాయి కట్టకుండానే బయటికి పరిగెత్తింది.

"మేడం, హిందూపురం పిల్లలు యాడుండారు?"

"ఇప్పుడే బస్సెక్కిరి కదా. ఏమైంది మే?"

శైలజ చెప్పులు లేకుండా గేటు దాకా పోయింది. బస్సు అప్పటికే హైవే ఎక్కేసింది. గుప్పిట్లోని షార్ట్స్ నుంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నాయి.

ఆ రోజు ధర్మవరం తరఫున ఆడింది ఏడుగురు కాదు, ఎనిమిది మంది. ఆ ఎనిమిదో పిల్ల, సొంత జట్టు చేత తిట్లు తింటూ, హిందూపురం బస్సులో వెళ్లిపోతోంది.