యాన్బు తీరంలో సొర

చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున, సౌదీలోని యాన్బు బీచ్‌లో నీళ్లు కాస్త చల్లగా ఉన్నాయి. నర్సు ప్రేమజ్యోతి ఒక్కతే ఈదుతోంది. ఈత రాని ఆమె భర్త ఎరిక్ ఒడ్డున కూర్చున్నాడు.

ఉన్నట్టుండి ఆమెకు బారెడు దూరంలో నల్లటి రెక్క ఒకటి నీటిని చీల్చుకుంటూ తేలింది.

"ఏవండీ, సొరచేప!" అని కేక పెట్టింది. సొర ఆమె చుట్టూ ఒకసారి తిరిగి మునిగిపోయింది. కనబడకుండా పోయాక భయం ఇంకా పెరిగింది. ఇప్పుడది కిందే ఉందేమో! కళ్లు గట్టిగా మూసుకుని, పిచ్చిదానిలా చేతులు బాదుతూ ఈదింది.

పాదాలకు ఇసుక తగిలాక కళ్లు తెరిచింది. ఒడ్డున ఎరిక్ లేడు.

వెనక్కి తిరిగి చూస్తే, లోతు నీళ్లలో అతని తల మునిగి తేలుతోంది. సొర కూడా ఆ నీళ్లలోనే ఉంది. ప్రేమజ్యోతి ఏడుస్తూనే మళ్లీ దిగింది. జుట్టు దొరకబుచ్చుకుని అతన్ని ఒడ్డుకు లాక్కొచ్చింది.

"ఈత రాదు కదా! నన్నెట్టా కాపాడదామనుకున్నారండీ?" అంది.

ఎరిక్ నీళ్లు కక్కి, ఊపిరి తీసుకున్నాడు.

"కాపాడ్డానికి కాదు జ్యోతీ. సొరకి నేను దొరికితే, నిన్ను వదిలేద్ది కదా అని."