తనిఖీ పూర్తయింది

"నా చదువు డబ్బు ఎవరికిచ్చారు మేడమ్? ఏ కౌన్సిలర్ గారి మేనకోడలికి?"

లీజిల్ తన ఫోను కౌంటరు కంతలోంచి లోపలికి తోసింది. తెర మీద ఆమె ఆర్థిక సాయం దరఖాస్తు ఉంది. అందింది, పరిశీలించాం, ఇంటి తనిఖీ పూర్తయింది... ఒక్కో మెట్టు పక్కన పచ్చటి టిక్కు. ఆఖరి మెట్టు పక్కన మాత్రం ఎర్రగా 'తిరస్కరణ' అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, 'కుటుంబానికి ఖర్చు భరించే స్తోమత ఉంది'.

నర్సింగ్ కాలేజీలో సీటొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల లేస్తూనే ఆ పేజీ చూసేది, పడుకోబోతూ చూసేది. టిక్కు పడ్డప్పుడల్లా తల్లిని పిలిచి చూపించేది. ఫీజు గడువు ముంచుకొచ్చింది. ఈ సాయం రాకపోతే సీటు పోతుంది. ఇక తల్లితో పాటు ఇలోయిలో ఊరి తీరంలో చేపలు ఎండబెట్టుకుంటూ కూర్చోవలసిందే.

కౌంటరులోని మారివిక్ మేడమ్‌కి ఇలాంటి నిష్ఠూరాలు కొత్త కాదు. తాపీగా కంప్యూటర్లో వివరాలు తెరిచింది.

"మీ ఇంట్లో ఫ్రిజ్జుంది. సోఫా ఉంది. పెద్ద టీవీ. పాటలు పాడుకునే మెషీను కూడా ఉందట. మా మనిషికి నూడుల్సూ రొయ్యలూ పెట్టి, చల్లటి కోకు తాగించి పంపారు. నీకంటే నేనే బీదదాన్నమ్మాయ్."

లీజిల్ నవ్వేసింది. "ఫ్రిజ్జా? మా ఇంట్లోనా? ఐసు ముక్క కావాలంటే పక్క వీధికెళ్ళి అడుక్కుంటాం. మీ మనిషి ఎవరింటికో వెళ్ళి భోంచేసొచ్చాడు."

మేడమ్ కంప్యూటరు ఇటు తిప్పింది.

ఫోటోలో ఆకుపచ్చ సోఫా అంచున, చర్చికి వేసుకెళ్ళే గౌనులో, లీజిల్ తల్లి పురింగ్ ముడుచుకుని కూర్చుని ఉంది. వెనక గోడకి లీజిల్ స్కూల్లో గెలిచిన పతకాలు. సోఫా పక్కింటి సెలోంగ్ బాబాయ్‌ది. ఫ్రిజ్జు కిరాణా కొట్టు చారింగ్ పిన్నిది. దాని తలుపు మీద ఆవిడ అంటించిన 'అరువు లేదు' కాగితం కూడా అలాగే ఉంది. పాటల మెషీను వాడ మొత్తానిది.

లీజిల్ గొంతు దిగిపోయింది. "అవి మావి కావు మేడమ్. ఆ రోజు నేనింట్లో లేను. ఇంటికి మనిషొస్తున్నాడని మా అమ్మ అడిగి తెచ్చుంటుంది."

మేడమ్ నిట్టూర్చింది. "మా అమ్మయినా అదే చేసేది. సరే, అప్పీలు పెట్టు. రేపు మా మనిషి మళ్ళీ వస్తాడు. ఏ వేళకొస్తాడో చెప్పడు. ఉన్నది ఉన్నట్టు చూపించండి. ఇదే ఆఖరు, ఆ తర్వాత నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు."

లీజిల్ వెళ్ళేసరికి పురింగ్ తడికల మీద చేపలు తిరగేస్తోంది. కూతురి మొహం చూసి లేచి నిలబడింది.

"ఆ సోఫాలూ ఫ్రిజ్జులూ నిన్నెవరు తెమ్మన్నారమ్మా?"

"మన మంచి కోరి వచ్చే మనిషిని బియ్యం బస్తా మీద కూర్చోబెట్టమంటావా? నీ గురించి ఏమనుకుంటాడు? నేను అడగ్గానే అందరూ మోసుకొచ్చి మరీ ఇచ్చారే. చారింగ్ అయితే వంట కూడా తనే చేసింది."

"ఆ వంటే నా చదువుని మింగేసింది. రేపు ఈ ఇంట్లో ఒక్క వస్తువు కనపడ్డానికి వీల్లేదు. అయినా ఇంత నాటకం ఆడాక, రేపు ఆయన ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతావు?"

పురింగ్ మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నాక లీజిల్‌కి మనసు చివుక్కుమంది. పక్కన కూర్చుని సర్దిచెప్పాలనిపించింది గానీ కోపం కదలనివ్వలేదు. రేపు పని అయిపోనీ, తర్వాత బతిమాలుకోవచ్చులే అనుకుంది.

మర్నాడు ఫీజు గడువు పెంచమని అడగడానికి కాలేజీకి వెళ్ళి వరసలో నిలబడింది. ఫోను చేతిలోనే ఉంది. మధ్యాహ్నం దాటాక 'రెండో తనిఖీ పూర్తయింది' అంటూ పచ్చటి టిక్కు పడింది. సంతోషం పట్టలేక ముందున్న అమ్మాయి భుజాలు పట్టుకుని ఊపేసింది. వెంటనే అమ్మ గుర్తొచ్చింది. పోతూ పోతూ ఆమెకిష్టమైన కొబ్బరి రొట్టె కొనుక్కెళ్ళాలి, నిన్నటి మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పాలి.

కిటికీ దాకా చేరకముందే ఆఖరి మెట్టు కూడా మారింది. మళ్ళీ ఎరుపే.

'తిరస్కరణ. ఇంట్లో మనుషులు లేరు, సామాను లేదు. కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.'

లీజిల్ పరుగున ఇంటికొచ్చింది. తలుపు బార్లా తీసి ఉంది. లోపల చాప లేదు, అన్నం కుండ లేదు, గోడకి పతకాలు కూడా లేవు. బియ్యం బస్తా పక్కింట్లో ఆకుపచ్చ సోఫా మీద కూర్చుని ఉంది. అలికిడికి ఆ ఇంట్లోంచే పురింగ్ బయటికొచ్చింది.

"వచ్చి వెళ్ళాడే. ఇల్లంతా కలయచూశాడు. నువ్వన్నట్టే ఒక్క వస్తువు కనపడనివ్వలేదు. మళ్ళీ ఏ రొయ్యలో పట్టుకొస్తారని వాడలో వాళ్ళనెవరినీ బయటికి రావద్దన్నాను."

"మరి నువ్వెక్కడున్నావమ్మా?"

పురింగ్ తల దించుకుంది.

"ఆయన పిలుస్తూనే ఉన్నాడు తల్లీ... ఏ మొహం పెట్టుకుని నిలబడతావన్నావుగా, ఈ పక్కింటి తలుపు వెనకే దాక్కున్నాను."