ఉప్పుబొమ్మ కెప్టెన్

తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని జయరావు బెంచీ చివర, దారి పక్కనే కూర్చున్నాడు. ఆ టూరింగ్ టాకీసులో ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు. తెరకు స్తంభం అడ్డం వస్తుంది. జయరావు మాత్రం ఏరి కోరి అక్కడే కూర్చున్నాడు.

క్యారేజీ కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. భార్య సంతోషకుమారి లెక్క ప్రకారం అతను ఈపాటికి దాన్ని విప్పి, మజ్జిగన్నం దగ్గరికి వచ్చేసి ఉండాలి. ఇక్కడున్నాడని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆమె తండ్రి చర్చిలో సంఘపెద్ద. పోయిన ఉజ్జీవ సభల్లో జయరావు అందరి ముందూ చెయ్యెత్తి, ఇక సినిమా మొహం చూడనని మాట కూడా ఇచ్చాడు.

కానీ ఇదేమన్నా మామూలు సినిమానా? 'మంత్రాల ఓడ' రెండో భాగం!

మొదటి భాగం చూసి రెండేళ్ళయింది. ఒంటికన్ను కెప్టెన్ ఎత్తిన కత్తి దించకుండా తిమింగలం నోట్లోకి పోయాడు. అంతే, శుభం కార్డు. ఇంత అన్యాయం ఎక్కడన్నా ఉందా? ఈ రెండేళ్ళూ జయరావుకు అన్నం అరిగింది గానీ ఆ కథ అరగలేదు. రెండో భాగం ఒంగోలులో ఆడింది, పర్చూరులో ఆడింది, చివరికి ఈ ఊరికొచ్చింది. వచ్చాక కూడా సాయంత్రాలు అతనికి కుదిరి చావలేదు. ఇవాళే ఆఖరు. పొద్దున్నే సినిమా పెట్టె అద్దంకి బస్సెక్కుతుంది. ఈ పూట చూశాడా, చూశాడు. లేదా, కెప్టెన్ గతి ఏమైందో ఈ జన్మకు తెలీదు.

తెరమీద తిమింగలం కడుపు చీల్చుకుని కత్తి మొన బయటికొచ్చింది. ఆ వెనకే కెప్టెన్ వచ్చాడు.

హాలు దద్దరిల్లింది. జయరావు నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. వేశాక గుర్తొచ్చి తలగుడ్డ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఆ తరవాత ఇక ఊపిరి తీసుకోనిస్తేనా! కెప్టెన్ తాడు పట్టుకుని ఈ ఓడ మీంచి ఆ ఓడ మీదికి ఊగాడు. ఒక చేత్తో ముగ్గురితో కత్తి తిప్పుతూ, రెండో చేత్తో జామకాయ కొరికాడు. జయరావు ఒళ్ళంతా కళ్ళు చేసుకున్నాడు. ఇంత సుఖం పడి ఎన్నాళ్ళయింది! అయినా ఆ సుఖం కుదురుగా ఉండటం లేదు. బొమ్మ కాస్త మసకేస్తే చాలు, గుండె జారుతోంది. గుమ్మం మీది ఎర్రబల్బు వంక చూస్తాడు. మళ్ళీ తెర. మళ్ళీ బల్బు.

"ఏందన్నా, ముళ్ళ మీద కూర్చున్నట్టు మెసులుతున్నావు?" అన్నాడు పక్కనున్న పీరు. ప్రత్తిపాడు నుంచి పత్తి బేరానికి వచ్చిన మనిషి. "ఎవరన్నా చూస్తారనా?"

"అబ్బే, అదేం లేదు." గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకున్నాడు జయరావు.

"చూస్తే చూడనీయన్నా. ఆళ్ళూ సినిమాకొచ్చినోళ్ళేగా!"

జయరావుకు నవ్వొచ్చింది. కాస్త ధైర్యమూ వచ్చింది.

ఇంతలో సముద్రపు మంత్రగత్తె కెప్టెన్‌ను ఉప్పుబొమ్మగా మార్చేసింది. ఓడకు చిల్లి పడింది. ఉప్పుకు నీళ్ళు తగిలితే ఇంకేముంది? పాదాలు కరిగాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఓడవాళ్ళు మందుభరిణె పట్టుకుని నిచ్చెన దిగుతున్నారు. ఒక్కో మెట్టూ దిగుతున్నారు...

కరెంటు పోయింది.

హాలంతా గొల్లుమంది. "ఆయిలింజను వెయ్యండ్రా!" అని ఎవరో అరిచారు.

"ఇంజను మా ఓనరుగారి మిరపచేలో ఉందండీ. తోటకు నీళ్ళు పెడతన్నారు," అంది చీకట్లోంచి మేనేజరు గొంతు.

"పొలాలకు కరెంటిచ్చే వేళ. మోటార్లన్నీ ఒక్కసారే వేసుంటారు, ట్రిప్పయ్యుద్ది," అన్నాడు పీరు. "స్విచ్చి ఎత్తితే వచ్చేదానికి ఆ సబ్‌స్టేషనోడు ఏం జేస్తన్నాడు? బాగా మెక్కి పడుకున్నట్టున్నాడు."

నేలా బెంచీ కుర్చీ ఏకమై సబ్‌స్టేషన్‌లో ఉన్నవాణ్ణి ఏడుతరాలు తిట్టాయి.

"వాడికి బుద్ధి లేదు," అన్నాడు జయరావు కూడా. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"కాసేపు చూస్తామండీ. రాకపోతే ఆట రద్దే," అన్నాడు మేనేజరు. "రేపటికి పాసులడగొద్దు. రేపు పెట్టె ఉండదు."

బీడీలు వెలిగాయి. జయరావు నల్లటి తెర వంక కళ్ళార్పకుండా చూశాడు. కరెంటు దానంతటది వస్తే ఎంత బాగుండు! దేవుణ్ణి అడుగుదామనుకున్నాడు. ఏ మొహంతో అడుగుతాడు? చివరికి క్యారేజీ అందుకుని లేచాడు.

"ఎక్కడికన్నా? ఈలోపు కరెంటొస్తే కెప్టెన్ కరిగిపోతాడు!" పీరు చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చూడు తమ్ముడూ." చెయ్యి విడిపించుకున్నాడు జయరావు. "పొద్దున బస్టాండుకొస్తాను. బతికాడో పోయాడో చెబుదువుగాని."

"ఇదేం మనిషివి! ఇంతసేపూ చూసి, ఇప్పుడా పోయేది?"

జయరావుకు ఏడుపొక్కటే తక్కువ. సైకిలెక్కాడు. ఊరు చీకటి, పొలాలు చీకటి. కల్లాల్లోంచి మిరప ఘాటు ముక్కు కోస్తోంది. కాళ్ళు పెడలు తొక్కుతున్నాయిగానీ, ప్రాణమంతా ఆ మోకాలిలోతు నీళ్ళ దగ్గరే ఉంది.

ఊరవతల ముళ్ళతీగ గేటు ముందు సైకిలు పడేసి, జేబులోంచి తాళంచెవి తీసి, ఆ పూట సబ్‌స్టేషన్ డ్యూటీలో ఉన్న ఒకే ఒక్క మనిషి జయరావు, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి ఎత్తాడో లేదో, దూరాన టాకీసులో ఈలలు లేచాయి.