ఎడమ పక్క దేవదూత

మ్యూజియంలో గైడుగా పనిచేసే మా పెద్దమ్మ, చెరసాలలో ఉన్న భక్తుడి చిత్రం ముందు ఆగింది.

"సంకెళ్ళ మీద ఏటవాలుగా పడే వెలుగు చూడండి. అది విడుదలకు గుర్తు. ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం చిత్రకారుడు వెయ్యలేదు. ఎడమ పక్కంతా చీకటే."

వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఎడమ పక్కన నిలువెత్తు దేవదూత ధగధగా వెలిగిపోతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడే అందరికీ చూపిస్తున్న దేవదూత.

నేను గబగబా ఆవిడ పక్కకి వెళ్ళాను. "పెద్దమ్మా, అక్కడ దేవదూత ఉన్నాడుగా!"

ఆవిడ బొమ్మకేసి కళ్ళు చికిలించి చూసింది. "నిన్నటిదాకా ఉన్నాడే. ఎవరు చెరిపేశారే?"

"పక్షవాతంలా ఉంది, అంబులెన్సుని పిలవండి!" అని అరిచాను.

ఆవిడ బెదిరిపోయి కుడిచేత్తో గాల్లో తడుముకుంది. "నువ్వెక్కడున్నావే? నా దగ్గరికి రా!"

నేను ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకునే ఉన్నాను.