భేష్!

“భేష్!”

ముందు వరసలోంచి ఆ కేక వినపడగానే గాయకుడికి ఒళ్లు మండిపోయింది.

పాడుతున్నది తను. భేష్ మాత్రం పక్కన వయొలిన్ వాయిస్తున్న తమ్ముడికి.

తను పైస్థాయి అందుకుని దిగేలోపే తమ్ముడి కమాను కదులుతుంది. అంతే, మాసిన కోటు వేసుకున్న ఆ ముసలాయన ఎడమ చెయ్యి పైకెత్తి, హాలు దద్దరిల్లేలా “భేష్!” అంటాడు. జనం చప్పట్లు కొడతారు. అందరి కళ్లూ తమ్ముడి మీదే.

ఏడాదిగా ఇదే తంతు. ఎక్కడ కచేరీ అయినా ముందు వరసలో ఆయన తయారు.

“నీకేమైనా చుట్టమా ఆయన?” అని ఒకసారి తమ్ముణ్ని నిలదీశాడు.

“ఎవరో నాకేం తెలుసు అన్నయ్యా?”

“ఏమో, నువ్వే పిలిపించుకుంటున్నావేమోనని.”

తమ్ముడు నవ్వేశాడు. ఆ నవ్వు చూసి ఇతనికి ఇంకా కుళ్లు పుట్టింది.

పైగా ఈసారి కచేరీ మామూలుది కాదు. వాళ్ల నాన్న గొప్ప గాయకుడు. ‘చెదరని గొంతు’ అని ఆయనకు బిరుదు. ఆయన పోయాక ఆ బిరుదు అలాగే ఉండిపోయింది. పెద్దకొడుకు పాట విని, కుదిరితే అతనికే ఇద్దామని సంగీత సంఘం పెద్దలు వస్తున్నారు.

ఆ వేళ కూడా భేషులన్నీ తమ్ముడే కొట్టేస్తే?

కచేరీ రోజు తమ్ముడు లోపల తీగలు సరిచేసుకుంటుంటే, గాయకుడు గుమ్మం దగ్గర కాపుకాసి ముసలాయన్ని ఆపేశాడు.

“ఇవాళ మీరు లోపలికి రావద్దు.”

“ఏం బాబూ?”

“మీ అరుపులతో నా పాట పాడవుతోంది. మీరు ఎవరి కోసం వస్తున్నారో నాకు తెలుసులెండి!”

ముసలాయన ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు.

“సరే బాబూ. గొంతు జాగ్రత్త.”

శాపం పెడుతున్నాడా ఏమిటి అనుకున్నాడు గాయకుడు. కాపలా మనిషికి గట్టిగా చెప్పి, తలుపులు వేయించి మరీ వేదికెక్కాడు.

ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీ. అతనికి ప్రాణం హాయిగా ఉంది.

మూడో పాటలో పైస్థాయికి వెళ్లాడు. గొంతు చీలింది.

తమ్ముడి కమాను వెంటనే అందుకుంది. కానీ ఆలోపే ఆ చీలిక హాలంతా వినపడింది.

కంగారులో మళ్లీ పైకి వెళ్లాడు. మళ్లీ చీలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సంఘం పెద్దలు మొహాలు చూసుకున్నారు.

తెర పడ్డాక తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

“ఇవాళే ఇలా ఏడవాలా నా గొంతు?”

“ఇవాళే కాదన్నయ్యా. ఏడాదిగా అక్కడ చీలుతూనే ఉంది. సరిగ్గా ఆ క్షణానికి ఆయన భేష్ అనబట్టి ఎవరికీ వినపళ్లేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే, నీ మీద కుళ్లుతో అంటున్నానని అనవూ?”

గాయకుడు గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

“ఆ కోటాయనా?” అన్నాడు కాపలా మనిషి. “ఇందాకటిదాకా మూసిన తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడండీ. రెండుసార్లు భేష్ అని అరిచాడు కూడా. నేనే కసిరి పంపించేశాను.”

వీధి చివరిదాకా వెతికాడు. ఆయన జాడ లేదు.

ఇంటికెళ్లి, సిగ్గు విడిచి, జరిగిందంతా అమ్మకి చెప్పాడు.

“మాసిన కోటా?” అంది అమ్మ. “ఎడమ చెయ్యి పైకెత్తి అరుస్తాడా?”

“నీకు తెలుసా అమ్మా? ఎవరాయన?”

అమ్మ గోడ మీద నాన్న ఫొటోకేసి చూసింది.

“పేరు మీ నాన్నకీ తెలీదురా. చివరి రోజుల్లో మాత్రం, ముందు వరసలో ఆ మనిషి కనపడితే తప్ప మీ నాన్న నోరు తెరిచేవారు కాదు.”