అడ్డమేమీ లేదు

రండప్పా, దగ్గరికి జరగండి. మాటలు ఆపండి. ఆ ఫోన్లో పాట కూడా ఆపు, నాయనా. కథ మధ్యలో నవ్వినా పర్వాలేదు గానీ, లేచిపోతే మాత్రం ఊరుకోను.

శింగనమల అవతల ఒక ఊరుంది. ఆ ఊళ్ళో వాన పడితే కుక్కలు మొరుగుతాయి, ఎవరో కొత్తవాళ్ళు వచ్చారని.

అలాంటి చోట పైరు బతకాలంటే బోరు ఆడాలి. బోరు ఆడాలంటే దొంగ వైరు కావాలి.

ఎర్రన్నకూ ఒకటుంది. చేని గట్టు మీది కరెంటు స్తంభానికి కొక్కెం తగిలించి, అవతలి వేపచెట్టు కొమ్మ మీదుగా బోరుకు లాగాడు. ఆ వైరుంటే టమోటా. లేకపోతే వలస.

ఊరి మొదట్లో రామదాసు టీ కొట్టు. కొత్త బండి కనిపిస్తే చాలు, "ఎద్దు తప్పిచ్చుకునిందోయ్!" అని అరుస్తాడు. ఆ అరుపు ఆగేలోపల ఊళ్ళో దొంగ వైర్లన్నీ వేరుశనగ కట్టె కుప్పల కిందికి దూరిపోతాయి.

కరెంటు దొంగల్ని పట్టే విజిలెన్సు వాళ్ళు వేషాలేసుకుని వస్తారు మరి. పోయినసారి గొర్రెలు కొనేవాడిలా వచ్చినవాడు, పళ్ళు చూడకుండా తోక చూశాడు. అక్కడే రామదాసుకు దొరికిపోయాడు.

ఎండాకాలం ఒక పొద్దున స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చింది.

ఎద్దు తప్పించుకుంది. వైర్లు దాక్కున్నాయి.

ఆమె నేరుగా ఎర్రన్న చేలోకి నడిచింది. స్తంభాన్ని చూసింది. వేపచెట్టును చూసింది.

"అన్నా, ఈ రెండిటి మధ్య వైరు ఏమన్నా ఉండాదా?"

ఎర్రన్న గుండె జారి బోరుగుంతలో పడింది.

"వైరా? గుడ్డలారేసే తాడు కూడా లేదమ్మా. ఎవరు నువ్వు?"

"ఆరీఫా అంటారన్నా. మాది గుత్తి. పోలీసు హెలికాప్టర్ నడుపుతా. వరదలొస్తే దిగేదానికి జాగాలు చూసుకుంటాండా."

వెనకాలే వచ్చిన రామదాసు పగలబడి నవ్వాడు.

"వరదా? మాకా? మేం నీళ్ళను కలలో చూసుకునేటోళ్ళం. ఏమ్మా, నీకు హెలికాప్టర్ పోలీసోళ్ళే నేర్పించినారా?"

"వాళ్ళు నేర్పలేదన్నా. మామూలు జనం చేరే స్కూల్లోనే నేర్చుకున్నా. మా నాయన లారీలకు బాడీ కట్టే షెడ్డు అమ్మి చేర్పిచ్చినాడు. నాతో నేర్చుకున్నోళ్ళంతా పెద్దపెద్దోళ్ళను తిప్పే కంపెనీల్లోకి పోయినారు. నేను లైసెన్సు పట్టుకుని పోలీసుల దగ్గరికి పోయినా."

"అదేం ఖర్మ నీకు?"

"మా గుత్తి కోట ఎక్కితే గద్దలు మనకంటే కింద ఎగురుతాయన్నా. చిన్నప్పట్నుంచీ వాటి వీపులు చూస్తా పెరిగినా. పైనుంచి చూస్తే యాడ ఎవరు చిక్కుకున్నారో తెలిసిపోతాది. పోయి తెచ్చుకోవల్ల, అంతే."

ఎర్రన్న భార్య సుబ్బరత్నమ్మ మజ్జిగ తెచ్చింది. ఆరీఫా తాగి మూతి తుడుచుకుంది.

"ఎగిరేది సులువన్నా. దిగేదే కష్టం. పైనుంచి వైరు కనపడదు. నిజంగా అడ్డమేమీ లేదు కదా?"

ఎర్రన్న చెట్టు వైపు చూడలేదు.

"మా సుబ్బరత్నమ్మ మీద ఒట్టు. అడ్డమేమీ లేదు."

సుబ్బరత్నమ్మ చేతిలో చెంబు ఒలికింది.

ఆరీఫా ఫోన్లో ఆ చేనుకు గుర్తు పెట్టుకుంది.

"వరదొస్తే ఈడ ఎర్రగుడ్డ ఊపండన్నా. ఊపితే దిగమని నాకు అర్థం."

ఆమె స్కూటర్ మలుపు తిరగకముందే వైరు మళ్ళీ చెట్టెక్కింది.

"గొర్రెలోడు పాయె, హెలికాప్టరు వచ్చె!" అన్నాడు రామదాసు. "ఈళ్ళ వేషాలు నా దగ్గరా?"

అక్టోబరు వచ్చింది. కుక్కలు మొరిగి మొరిగి గొంతులు పోగొట్టుకున్నాయి. పైన ఏదో చెరువు కట్ట తెగి, ఎన్నడూ తడవని వంక ఏరైపోయింది.

మేకల్ని తోలుకురావడానికి పోయిన సుబ్బరత్నమ్మ వంక మధ్య బండ మీద చిక్కుకుంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఒడ్డున ఎర్రన్న తల బాదుకుంటున్నాడు.

అప్పుడు వినిపించింది చప్పుడు.

హెలికాప్టర్ నుంచి తాడు దిగింది. సుబ్బరత్నమ్మ గాల్లోకి లేచి లోపలికి పోయింది. ఊరంతా చేతులెత్తి మొక్కింది.

హెలికాప్టర్ చుట్టు తిరిగి, ఎర్రన్న చేను వైపు దిగసాగింది.

వైరు!

ఎర్రన్న పరుగెత్తాడు. తలకు చుట్టుకున్న ఎర్రతువ్వాలు విప్పి రెండు చేతులా ఊపాడు.

"వద్దు! దిగద్దు! వైరుండాది!"

ఆ రొదలో అరుపు ఎవరికి వినిపిస్తుంది? పైకి కనిపించింది ఎర్రగుడ్డ ఒక్కటే.

తోక వైరుకు తగులుకుంది. హెలికాప్టర్ గిర్రున తిరిగి, ఒరిగి, టమోటా చేలో పడింది.

సుబ్బరత్నమ్మనూ, తాడు దించిన మనిషినీ ప్రాణాలతో బయటికి లాగారు. ముందు సీటులోని మనిషి కదల్లేదు. హెల్మెట్ తీశారు.

సుబ్బరత్నమ్మ విరగని చేత్తో మొగుడి చొక్కా పట్టుకుంది.

"నేను ఏడుస్తాంటే ఆ పాప వెనక్కి తిరిగి గట్టిగా చెప్పినాది. 'భయపడద్దమ్మా, మీ చేను నేను చూసిందే. మీ ఆయన నీ మీద ఒట్టేసినాడు, అడ్డమేమీ లేదని.'"

ఎర్రన్న బురదలో కూలబడ్డాడు.

రామదాసు ముందుకు వంగి, ఆ ముఖం గుర్తుపట్టి, తల గోక్కున్నాడు.

"ఇదేందప్పా! ఒక్క వైరు పట్టుకునేదానికి ఆ విజిలెన్సోళ్ళు ఆడపిల్లకు హెలికాప్టర్ కూడా నేర్పిచ్చి పంపినారే!"